పల్లెల పూర్వచరిత్రము – మన అశ్రద్ధ

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో నేడు ఎకరము నేల విక్రయమునకు వచ్చినచో, కొనువాడు మొదట అడుగునది 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు. దానికొఱకై మనుమడు తాత పేరును, తాతతండ్రి పేరును వెదకికొనుచున్నాడు. బేరము ముగిసినతోడనే ఆ పేర్లు మరల పెట్టెలోనికి పోవును. మన భూస్వాములలో పెక్కుమందికి వంశచరిత్ర పరిశోధన మనగా నింతియే. ఇది మిక్కిలి విచారకరము.

ఇంగ్లండులో స్థితి వేఱు. 1538లో థామస్ క్రామ్వెల్ ప్రతి చర్చియందును జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను పుస్తకమున నెక్కింపవలెనని శాసించెను. 1837 నుండి జనన మరణములను ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. 1841 మొదలు జనాభాలెక్కల పత్రములు ఇంటింటి మనుష్యుల పేర్లతో నిలిచియున్నవి. నూఱేండ్లు నిండిన పిదప వానిని ఎవ్వరైనను చూడవచ్చును. కావుననే అచటి కూలివాని మునిమనుమడు సైతము తన పూర్వుల జాడను తీయగలుగుచున్నాడు. నైజాము రాజ్యమున 1881 నుండియు జనాభాలెక్కలు జరిగినను మనకు దక్కినవి మొత్తపు టంకెలే.

అట్లని మనకు సామగ్రి లేదనుట పొరపాటు. చాళుక్య శాసనములలోని పొట్టలకెఱెయే నేటి పటాన్‌చెరు. సంగారెడ్డికి సమీపమున కొండాపురపు దిబ్బను 1940 ప్రాంతమున త్రవ్వగా శాతవాహనుల నాణెములు బయల్పడినవి. జోగిపేటలో 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ సమావేశమైనది. రాజుల చరిత్రమును, సభల చరిత్రమును ఇట్లు కొంత నిలిచినవి. దిబ్బ ప్రక్కన దున్నినవాని చరిత్రము ఎక్కడ? కర్నల్ మెకంజీ కావలి సోదరులచేత సేకరింపించిన కైఫీయతులు కడప, గుంటూరు మండలముల పల్లెలకు దక్కినట్లు మన పల్లెలకు దక్కలేదు. మనకు మిగిలినవి పట్వారీల బస్తాలు. 1984లో పటేల్ పట్వారీ పద్ధతి రద్దయినపుడు వానిలో కొన్ని తహశీలుకు చేరినవి, కొన్ని అటకలమీదనే యుండిపోయినవి. (చెదపురుగునకు హక్కుల నిర్ణయముతో పనిలేదు గదా!)

చేరిన కాగితములైనను చదువువా రెవ్వరు? 1884 వఱకు దివాణపు భాష ఫారసీ. ఆ పిదప ఉర్దూ. తాత భద్రపఱచిన సనదును మనుమడు తలక్రిందుగా పట్టుకొనుచున్నాడు. చదువగల వృద్ధులు ఏటికేడు తగ్గిపోవుచున్నారు.

అంతకంటె పెద్దలోప మొకటి కలదు. పహాణీలో పట్టాదారును, అనుభవదారును కనబడుదురు, జీతగాడు కనబడడు. ఇంగ్లండు చర్చి పుస్తకములో బిచ్చగాని శిశువునకును ఒక పంక్తి యుండెను. మన మాదిగల వంశకథలు డక్కలివారి నోట, రెడ్ల గోత్రములు పిచ్చకుంటులవారి నోట నిలిచినవి. ఆ నోళ్లు నేడు కర్మాగారముల గేట్లయొద్ద కూలికై నిలుచుచున్నవి. వ్యాజ్యములకై వ్రాయించు వంశవృక్షములలో ఆడుబిడ్డ పేరు తఱచుగా ఉండదు. మఱపుచేత గాదు, వాటాకు భయపడి. అట్టి వృక్షమును చరిత్రమని యెంచుట మాకు సమ్మతము గాదు.

పెట్టెలు తెఱచుటకు మన భూస్వాములు జంకుట మేమెఱుగుదుము. కాగితము బయటపడిన తగాదా పుట్టునని వారి భీతి. తగాదాలో నున్న వానిని విడిచి తక్కినవానికి ఛాయాచిత్రములు తీయనిచ్చినచో వారికి నష్టమేమి? అసలు వారియొద్దనే యుండును. సంగారెడ్డి గ్రంథాలయమున ఒక గది, ఫారసీ, ఉర్దూ చదువగల ఇద్దఱు, పల్లె పల్లెకు పోయి వృద్ధులమాటలు వ్రాసికొను నలుగురు యువకులు: దీని కగు వ్యయము ఏపాటిది? 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 పాళ్లు సాంఘిక కార్యములకు వెచ్చింపవలెనన్నది. ప్రాచీన సంపద సంరక్షణయు అందులో నొకటి. ఈ పొలములమీదనే కర్మాగారములు కట్టుకొన్నవారిని ఆ పొలముల పేర్లు వ్రాయించుటకు ధనమడుగుట అన్యాయము గాదు. జిల్లా అధికారులును, గ్రంథాలయ పాలకులును ఈ వానకాలమునకు ముందే వారిని పిలిచి మాటాడవలెనని కోరుచున్నాము.