ఖాళీ అంటే సున్నా కాదు బాబూ!

మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర ఓ మిత్రుడు లాప్‌టాప్ తెరిచి ఒక మ్యాపు చూపించాడు. శని ఆదివారాలు కూర్చుని సరదాగా చేశాడట. మన తూర్పు కనుమల్లోని అరుదైన కొండ మొక్కలు ఎక్కడెక్కడ బతకగలవో కంప్యూటరు లెక్కగట్టి రంగులేసిన మ్యాపు. శేషాచలం, పాలకొండల మీద నిప్పు కణికల్లా ఎర్రటి చుక్కలు. పడమటికి మా అనంతపురం వైపు వచ్చేసరికి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"చూశావా, మీ వైపు ఏమీ లేదు. గాలిమరలూ సోలార్ ప్లేట్లూ అన్నీ అక్కడే పెట్టేసుకుంటే ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఆ ముక్కతో నాకు అన్నం సయించలేదు.

మాది పెనుకొండ దగ్గర పల్లె. 2022లో జిల్లాను విడగొట్టాక మేం శ్రీ సత్యసాయి జిల్లా వాళ్ళమయ్యాం గానీ, నోటికి ఇప్పటికీ అనంతపురమే వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. మా కొండను ఎండాకాలంలో చూస్తే మీరూ మావాడిలాగే ఏమీ లేదంటారు. కానీ వానలు పడ్డాక మా జేజి నన్ను కొండకు తీసుకుపోయి, ముళ్ళ కంపల కింద చెయ్యిపెట్టి కుందేటి కొమ్ములు తుంచేది. ఆకుల్లేని నాలుగు పలకల మొక్క అది. కంప నీడలో దాక్కుని ఉంటుంది, తెలిసినవాళ్ళకే కనబడుతుంది. మా జేజికి కనబడింది శాటిలైటుకు కనబడదు.

అసలు ఈ మ్యాపులెలా తయారవుతాయో చూద్దాం. మొక్క కనబడిన చోట్ల జాబితా ఒకటి ఉంటుంది. దానికి వాన, ఉష్ణోగ్రత లెక్కలు జతచేస్తారు. ఎక్కువమంది వాడేది వరల్డ్‌క్లిమ్ అనే ఉచిత డేటా, అందులో పందొమ్మిది రకాల కొలతలుంటాయి. ఈ రెండిటినీ 2006 నుంచి బాగా పేరుబడ్డ మాక్సెంట్ లాంటి ప్రోగ్రాముకిస్తే, "మొక్క దొరికిన చోట్లను పోలిన చోట్లు ఇవీ" అని రంగులేస్తుంది. మంచి పనిముట్టే. నాకు దానితో గొడవ లేదు. దాన్ని చదివే పద్ధతితోనే నా గొడవంతా.

మొదటి సంగతి. మొక్క దొరికిన చోట్ల జాబితాలో ఉండేది మొక్కలున్న చోట్లు కాదు, మనుషులు వెళ్ళి చూసిన చోట్లు. తిరుమల కొండకు రోడ్డుంది, బస్సుంది, ఉండటానికి గది దొరుకుతుంది, పక్కనే విశ్వవిద్యాలయం ఉంది. అందుకని అక్కడ చుక్కలు ఎక్కువ. మా గుట్టలెక్కే ఓపిక ఎవరికుంది? డేటాబేసుల్లో పనిచేసేవాళ్ళకు మొదటివారమే నేర్పే పాఠం.. నల్ వేరు, సున్నా వేరు. నల్ అంటే తెలియదని, సున్నా అంటే లేదని. ఆఫీసులో ఈ తేడా మర్చిపోయి కోడు రాస్తే మేనేజరు చీవాట్లు పెడతాడు. కొండల విషయంలో మర్చిపోతే మాత్రం "సైన్సు చెప్పింది" అంటారు!

రెండోది. ఆ వాతావరణ డేటాలో ఒక గడి అంటే సుమారు చదరపు కిలోమీటరు, అంటే దాదాపు 247 ఎకరాలు. మా కొండల్లో అంత మేరలో నున్నటి బండ ఉంటుంది, బండ చీలికలో పిడికెడు మట్టి ఉంటుంది, ఎండ నేరుగా తగలని ఉత్తరపు వాలు ఉంటుంది, వానలు పోయాక కూడా నెలల తరబడి చెమ్మ ఊరే జాలు ఉంటుంది. మొక్క బతికేది ఆ చీలికలో. మోడలు చూసేది 247 ఎకరాల సగటును. సగటు మీద మొక్కలు మొలవవు కదండీ.

"పోనీ, మ్యాపు తప్పైతే ఏం పోయింది?" అనొచ్చు. పోయేదుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో కంప పెరిగే నేల, రాతి గుట్ట.. రెండూ బంజరు లెక్కలోకే వస్తాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలిమరలు లేనే లేవు. అంటే కొండ నెత్తిన రోడ్డు చెక్కేముందు అక్కడ ఏ మొక్కలున్నాయో చూసి రమ్మనే నియమం ఆ నోటిఫికేషన్‌లో లేదు. అటువంటప్పుడు ఇలాంటి తెల్ల మ్యాపు ఒకటి చేతికిస్తే అది అనుమతిపత్రమైపోతుంది.

ఊహించి చెప్పడం లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి గుట్టల్ని టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల పల్లెల జనం కలిసి 1990ల నుంచి కాపాడుకొచ్చారు. మంటలు ఆర్పుతూ, కాపలా కాస్తూ బోడి కొండల్ని మళ్ళీ పచ్చగా చేసుకున్నారు. రికార్డుల్లో మాత్రం అది రెవెన్యూ బంజరే. అక్కడికి గాలిమరలొచ్చాయి, గుట్టల మీద రోడ్లు పడ్డాయి, తగువు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. కంటికి కనబడే పచ్చదనానికే దిక్కు లేకపోతే, వానాకాలంలో నాలుగు వారాలు తలెత్తి మళ్ళీ దుంపలోకి పోయే మొక్కను ఎవరు పట్టించుకుంటారు?

ఎర్రచందనం సంగతే చూడండి. ప్రపంచమంతా కన్నేసిన చెట్టు. 2018లో ఐయూసీఎన్ దాన్ని "ప్రమాదానికి చేరువలో" అనే తక్కువ తరగతికి దించింది, 2022 కల్లా మళ్ళీ "అంతరించే ప్రమాదంలో" ఉన్నవాటిలో చేర్చింది. ఇంతమంది చూస్తున్న చెట్టు లెక్కే నాలుగేళ్ళలో అటూ ఇటూ అయితే, ఎవరూ చూడని మొక్క లెక్క ఎంత గట్టిది?

"అయితే మోడళ్ళు వద్దా, కరెంటు వద్దా?" రెండూ కావాలి. ఈ రాత రాస్తున్నది కరెంటుతోనే :-) మోడలును వాడాల్సిన పద్ధతి వేరు, అంతే. మడగాస్కర్‌లో ఇలాగే ఊసరవెల్లులకు మ్యాపులు వేశారు. ఆ జాతులు దొరకని చోట కూడా మోడలు "ఇక్కడ ఉండొచ్చు" అంది. తప్పని కొట్టిపారెయ్యకుండా వెళ్ళి వెతికితే అంతవరకూ లోకానికి తెలియని 7 కొత్త జాతులు బయటపడ్డాయి. ఈ సంగతి 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. మోడలు చెయ్యాల్సిన పని అదీ. ఎక్కడ వెతకాలో చెప్పాలి గానీ, ఎక్కడ వెతకక్కర్లేదో చెప్పకూడదు.

కాబట్టి నేనడిగేవి మూడే. ఒకటి, మ్యాపులో తెలుపు ఒక్కటే రంగు కాకూడదు. "వెతికాం, దొరకలేదు" ఒక రంగు, "వెతకలేదు" ఇంకో రంగు. రెండు, ఆ చుక్కలు ఏ ఏడాదివో, ఎవరెన్నిసార్లు ఆ కొండెక్కారో మ్యాపు పక్కనే రాయాలి. మూడు, గుట్ట మీద పార పడేముందు ఒక పూర్తి వానాకాలం, ముఖ్యంగా మాకు వానలు బాగా పడే సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, వృక్షశాస్త్రం చదివినవాళ్ళూ గొర్రెల కాపరులూ కలిసి ఆ కొండ తిరగాలి. ఏప్రిల్లో వచ్చి బండలు లెక్కపెట్టుకుని పోతే కుదరదు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన పుల్లయ్య గారు, యశోద గారితో కలిసి, అనంతపురం జిల్లా మొక్కల మీద 1989లోనే ఒక పుస్తకం వేశారు. "ఏమీ లేదు" అన్న జిల్లాలో ఒక పుస్తకానికి సరిపడా మొక్కలున్నాయి మరి!

మావాడికి ఇదంతా చెప్పాను. "సరే, తెలుపును రెండు రంగులు చేస్తాను. కానీ ఎక్కడ వెతికారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. వచ్చే వానలకు మా ఊరు రమ్మన్నాను. ముందు ఆ కొండ ఒక్కటైనా ఎక్కుదాం.