మూత తెరవని బండి

బండ్ల పందేలను గురించి వ్రాయదగినవాడిని కాను. ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడిని. సంధులు, సమాసాలు, యతిప్రాసలు నా సరకు. సైకిలు తప్ప మరొక వాహనం నా చేతులలో కదిలి ఎరుగదు. అయినా రెండేళ్ళ క్రిందట వేసవిలో అమెరికాలో చూచిన ఒక పందెం మీద, ఆ తరువాత విన్న వాదాల మీద నాకొక అభిప్రాయం ఏర్పడినది. అది నలుగురూ అంటున్నదానికి కొంత వేరుగా ఉన్నది కనుక మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మా అబ్బాయి డెట్రాయిట్ నగరానికి దగ్గరలో ఉంటాడు. అమెరికా కార్లకు పుట్టినిల్లు ఆ ఊరు. వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాకంటె నాలుగైదేళ్ళు పెద్ద. కార్ల కర్మాగారంలో పనిచేసి విరమించినవాడు. ఆయన దగ్గర 1970 నాటి షెవర్లే షెవెల్ ఎస్.ఎస్. 454 అనే బండి ఉన్నది. ఆ 454 అనేది ఇంజను పరిమాణం, ఘనపు అంగుళాలలో. లీటర్లలో చెప్పాలంటే దాదాపు ఏడున్నర. మన పాత మారుతి 800 ఇంజనులు తొమ్మిదింటిని కలిపినా దానికి చాలవు.

ఇటువంటివాటిని అక్కడివారు మజిల్ కార్లు అంటారు. కండల బండ్లు అందాం. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ వంశం మొదలైనదని సాధారణంగా చెప్తారు. సంసారపక్షంగా ఉండే మామూలు కారులో మహాకాయమైన ఇంజనును పెట్టి, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు కొనగలిగిన ధరకు అమ్మడమే దాని రహస్యం. 1970ల ఆరంభంలో పొగను అరికట్టే చట్టాలు, బీమా ఖర్చులు, 1973 నాటి చమురు సంకటం కలిసి ఆ వంశాన్ని అణచివేసినవి. అభిమానులు మాత్రం తరగలేదు.

ఒక శనివారం పెద్దాయన తన బండిని పందెపు బాటకు తీసుకొని వెళ్తూ మమ్మల్ని కూడ రమ్మన్నాడు. మా అబ్బాయితో కలిసి పనిచేసే తెలుగు కుర్రవాడొకడు తన విద్యుత్ కారు, టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్, వేసుకొని వచ్చాడు. రుసుము కట్టి, బండిని తనిఖీ చేయించుకున్నవాడెవడైనా ఆ బాట మీద పరుగు తీయవచ్చునట. ఈ ఏర్పాటు నాకు చాల నచ్చినది. వీధులలో ప్రాణాలు తీసేకంటె ఇది ఎంతో మేలు.

డ్రాగ్ రేసు అంటే మనం ఊహించుకునే చుట్టుబాట పందెం కాదు. తిన్నని దారి. దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు. బరిలో ఇద్దరే. మధ్యలో ఒక స్తంభానికి దీపాలు. దానిని క్రిస్మస్ చెట్టు అంటారు. పసుపు దీపాల తరువాత పచ్చదీపం వెలగగానే దూకాలి. ముందే కదిలితే ఎర్రదీపం, ఓటమి. ఒక చంపకమాల తీరికగా చదవడం పూర్తయ్యేలోపల అంతా అయిపోతుంది.

పెద్దాయన బండి నిలబడి ఉండగానే ఊగుతున్నది. ఇంజను ఒకే లయలో కాక, తడబడుతూ, గురకలు పెడుతూ కొట్టుకుంటున్నది. నీళ్ళు చల్లిన చోట వెనుక చక్రాలను గిర్రున త్రిప్పి రబ్బరును వేడి చేశాడు. తెల్లని పొగ మా మీదికి వచ్చినది. వేడెక్కిన రబ్బరు నేలను బాగా పట్టుకుంటుందట. ఆ ధ్వని నా చెవికి కాదు, రొమ్ముకు తగిలినది. ప్రక్కన తెలుగు అబ్బాయి బండి చడీచప్పుడు లేకుండా వచ్చి నిలిచినది. దాని వెనుక సీటులో ఉన్న పసిపిల్ల కుర్చీని తనిఖీవారు తీయించారు. అతని భార్య దానిని ఒడిలో పెట్టుకొని మా వరుసలోనే కూర్చున్నది. అతనికి హెల్మెట్ లేకపోతే పెద్దాయనే తన రెండవది ఇచ్చాడు.

పచ్చదీపం వెలిగినది. విద్యుత్ బండి అప్పటికే అక్కడ లేదు. అంతకంటె వర్ణించడానికి ఏమీ లేదు. అది 11.9 సెకన్లలో గీత దాటినది, షెవెల్ 13.2లో. చప్పట్లు పెద్దగా వినిపించలేదు. ఎవరో నవ్వారు.

ఎందుకిలా జరుగుతుందో పెద్దాయనే తరువాత చెప్పాడు. పెట్రోలు ఇంజను వేగంగా తిరుగుతుంటే తప్ప దాని పూర్తి బలం బయటికి రాదు. ముందు ఊపిరి అందుకోవాలి, నడుమ గేర్లు మార్చాలి. విద్యుత్ మోటారు అలా కాదు. నిశ్చలంగా ఉన్న క్షణంలోనే దాని మెలిత్రిప్పే బలమంతా సిద్ధంగా ఉంటుంది. చక్రం జారబోతున్నదని తెలియగానే, మనిషి పాదం తెలుసుకొనేలోపల, కంప్యూటరు దానిని సరిదిద్దుతుంది. మొదటి అరవై అడుగులలోనే పందెం సగం తేలిపోతుంది. పైవేగాలలో విద్యుత్ బండి జోరు కొంత తగ్గుతుంది గాని, పావు మైలులో ఆ తగ్గుదల అందిపుచ్చుకునేంత దూరం ఎదుటివాడికి మిగలదు.

ఆ రోజు నాకు గుర్తుండిపోయినది ఓటమి కాదు. పందెం అయిన తరువాత పెద్దాయన షెవెల్ బానెట్టు ఎత్తాడు. ఒక్కొక్కటే వ్రేలితో చూపిస్తూ, ఇది కార్బురేటరు, దీనిని నేనే విప్పి కడిగాను, ఇది నా కొడుకుతో కలిసి మార్చిన భాగం అని చెప్పాడు. కుర్రవాడు వంగి శ్రద్ధగా చూచాడు. పిమ్మట పెద్దాయన, “మరి నీది చూపించు నాయనా” అన్న ధోరణిలో అడిగాడు. కుర్రవాడు మొహమాటపడుతూ ముందరి మూత తెరిచాడు. లోపల ఖాళీ పెట్టె. అందులో పసిపిల్ల డైపర్ల పొట్లం ఒకటి, గొడుగు ఒకటి. ఇద్దరూ కాసేపు దానివంక చూచి నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక వాదాలు. మా అబ్బాయి వంటివారు అంకెలు చెప్తారు. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ పావు మైలుకు 9.23 సెకన్లని కంపెనీ ప్రకటించినది. 2023లో డాడ్జ్ కంపెనీ ఛాలెంజర్ డీమన్ 170 పేరుతో పెట్రోలు వంశానికి చివరి సింహనాదం వంటిది వినిపించినది: 1025 అశ్వశక్తి, 8.91 సెకన్లు. ఆ ఏడాది చివరనే ఆ ఛాలెంజర్ బండ్ల తయారీ ఆగిపోయినది. అయితే క్రొయేషియా దేశపు విద్యుత్ కారు రిమాక్ నెవెరా 2021లోనే 8.58లో పరుగెత్తి ఉన్నది. అది కోటీశ్వరుల బండి, నిజమే. కాని గడియారం ధరను చూడదు కదా. గడియారం మీద జరిగే వాదం ముగిసినదనే నేను అనుకుంటాను. దానిని ఇంకా సాగదీసేవారు ఫలితాలు వచ్చిన తరువాత మార్కులు లెక్కపెట్టుకునే పిల్లల వంటివారు.

రెండవ పక్షంవారు శబ్దం పోయినది అంటారు. శబ్దం పోతే ప్రాణం పోయినట్లే అని వాపోతారు. వీరి బాధ నాకు అర్థమయినది. నా రొమ్ముకు తగిలిన ధ్వనిని నేను మరువలేదు. మన ఆలంకారికుల మాటలలో చెప్పాలంటే షెవెల్‌ది రౌద్రం. విద్యుత్ బండిది అద్భుతం. చూపు తిప్పేలోపల వస్తువు మాయమయినప్పుడు కలిగే విస్మయమే దాని రసం. రెండూ రసాలే. ఒకదాని నుంచి మరొకదానిని పిండాలనుకోవడమే పొరపాటు. డాడ్జ్ వారు సరిగ్గా ఆ పనే చేశారు. 2022లో విద్యుత్ ఛార్జర్ డేటోనా నమూనాను చూపుతూ, దానికి 126 డెసిబెళ్ళ గర్జన చేసే ఏర్పాటును అమర్చామని చెప్పుకున్నారు. లోపల మండేది ఏమీ లేదు, వెలువడే పొగ లేదు, గర్జన మాత్రం ఉన్నది. నాటకంలో భీముడి గదను అట్టతో చేసినా మనం ఒప్పుకుంటాము, అది నాటకం కనుక. పందెపు బాట మీద ఆ అట్టగద ఎందుకు?

పోయినది శబ్దం కాదని నా అభిప్రాయం. పోయినది మూత తెరిచే హక్కు. వెనుకటి కుర్రవాడు కండల బండిని కొన్న మర్నాటి నుంచి దానిని విప్పడం మొదలుపెట్టేవాడు. పాడుచేసుకొని, చేతులు కాల్చుకొని, మళ్ళీ బిగించుకొని నేర్చుకునేవాడు. అతడు పందెంలో గెలిచాడంటే ఆ నెలలన్నీ గెలిచినట్లు. ఇప్పుడు గెలిచిన మన తెలుగు కుర్రవాడు పాపం ఏమి చేశాడు? పాదం నొక్కాడు. ఈ మాట అన్నది నేను కాదు, అతడే.

దీనికి ఒక ఉదాహరణ చెప్తాను. 2019 డిసెంబరులో టెస్లా వారు మోడల్ 3లో ఒక రకం కొన్నవారికి, 2000 డాలర్లు చెల్లిస్తే బండి వేగాన్ని పెంచుతామన్నారు. ఏ పనివాడూ రాడు, ఏ భాగమూ మార్చరు. సాఫ్ట్‌వేరు దూరం నుంచే వచ్చి చేరుతుంది. అంటే ఆ బలం మొదటినుంచీ బండిలో ఉన్నదే. తాళం వేసి ఉంచారు. కెనడాలోని ఒక చిన్న సంస్థ తక్కువ ధరకు ఆ పనిని చేసే పరికరాన్ని అమ్మగా, 2020లో కంపెనీ తన తరువాతి సాఫ్ట్‌వేరు మార్పుతో దానిని అడ్డుకున్నది. మన ఇంటి ధాన్యపు గాదెకు మరొకరు తాళం వేసుకొని, కుంచానికింత అని మనకే అమ్మడం వంటిది ఇది.

విద్యుత్తు స్వభావమే అంత అనడానికి వీలులేదు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వాసి జాన్ వేలాండ్ అనే ఆయన 1972 నాటి చిన్న డాట్సన్ 1200 బండిలో ఇంజను తీసివేసి మోటార్లు పెట్టాడు. అవి గోదాములలో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్ల మోటార్ల జాతివి. దానికి ‘వైట్ జాంబీ’ అని పేరు పెట్టాడు. తెల్ల పిశాచం అనుకోండి. తొలి రోజులలో సీసపు బ్యాటరీలు, తరువాత లిథియం. చూడడానికి దిక్కులేని బండి. దాని ప్రక్కన నిలబడిన పెద్ద పెద్ద కండల బండ్లవారు నవ్వేవారు, పచ్చదీపం వెలిగేదాకా. 2010లో అది పావు మైలును 10.258 సెకన్లలో ముగించినది. ఇటువంటి ఔత్సాహికులు 1997 నుంచే విద్యుత్ పందేలకొక సంఘం పెట్టుకొని ఉన్నారు. ఇది కంపెనీలు కనిపెట్టిన ఆట కాదు.

లోపల వందల వోల్టుల విద్యుత్తు ఉన్నది, ముట్టుకుంటే ప్రాణం పోతుంది, అందుకే మూశాము అని కంపెనీలవారు అనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. కాని పెట్రోలు బండి మాత్రం సాధువా? డ్రాగ్ పందేల భీష్మాచార్యుడు డాన్ గార్లిట్స్ చరిత్ర చూడండి. 1932లో ఫ్లారిడాలో పుట్టినవాడు. 1970లో లాంగ్ బీచ్ బాట మీద పందెం ఆరంభంలోనే బండి పేలి రెండు ముక్కలయినది. కుడిపాదంలో కొంత భాగం పోయినది. అప్పటిదాకా ఆ బండ్లలో ఇంజను ముందు, మనిషి దాని వెనుక. ఆసుపత్రి మంచం మీద పడుకొని ఆయన దానిని తలక్రిందులు చేశాడు. 1971లో ఇంజను వెనుక ఉండే బండితో బాట మీదికి వచ్చి గెలిచాడు. కొద్దికాలంలోనే అందరూ ఆయన మార్గమే పట్టారు. ప్రమాదాన్ని చూచి మూత వేసి ఉంటే ఆ మార్పు వచ్చేదా?

ఆయన కథ అక్కడ ఆగలేదు. జీవితమంతా నైట్రోమీథేన్ మంటల మధ్య గడిపిన ఆ మనిషి ఎనభై దాటిన తరువాత విద్యుత్ డ్రాగ్‌స్టర్ పట్టాడు. గంటకు 200 మైళ్ళు దాటాలని పట్టుదల. 2014లో 184 మైళ్ళు. 2019లో తన 87వ ఏట 189 మైళ్ళు. 2020లో స్టీవ్ హఫ్ అనే మరొకరు ఆ గీతను ముందుగా దాటారు. శబ్దం పోయినదని విలపించే నలభై ఏళ్ళవారు ఈ వృద్ధుడిని చూచి కొంచెం సిగ్గుపడాలి. ఆయనకు మూత లోపల ఏమున్నదనేదే ముఖ్యం. అది పెట్రోలా, కరెంటా అన్నది కాదు.

నా వృత్తిలో కూడ ఈ చిక్కు వచ్చినది కనుకనే ఇంత పట్టుగా వ్రాస్తున్నాను. పద్యానికి గణాలు, యతిప్రాసలు సరిచూచి చెప్పే సాఫ్ట్‌వేర్లు నేడు తెలుగులో ఉన్నవి. నేనూ వాడుతాను, కళ్ళజోడుకంటె అవి మేలు. కాని గురులఘువులను వ్రేళ్ళ మీద ఒకసారైనా లెక్కించని పిల్లవాడికి ఆ యంత్రం సరే అన్నా, కాదన్నా ఒకటే. ఎందుకు కాదన్నదో అతడికి తెలియదు. తెలియనిదానిని మార్చలేడు. కంపెనీలవారు అభిమానులకు తిరిగి ఇవ్వవలసినది గర్జన కాదు, బానెట్టు తాళంచెవి. కొన్నవాడికి బండి లెక్కలు చదివే, మార్చే అవకాశం ఇవ్వాలి. పందెపు బాట మీద మార్చుకున్నదానికి పూచీ మాది కాదని వ్రాయించుకోండి, ఎవరూ కాదనరు.

మొన్న ఫోనులో మా అబ్బాయి చెప్పాడు. ఆ తెలుగు కుర్రవాడు శనివారాలు పెద్దాయన షెడ్డుకు వెళ్తున్నాడట. షెవెల్ కార్బురేటరును విప్పి కడగడం నేర్చుకున్నాడు. ఈ మధ్య ఎవరో పారవేసిన విద్యుత్ బండి మోటారునొకదానిని ఇద్దరూ కలిసి కొని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. దేనికి బిగించాలో ఇంకా తేల్చుకోలేదు. అతని టెస్లా మాత్రం బయట నిలబడి, ఆ షెడ్డు గోడకున్న ప్లగ్గుకే తగిలించుకొని ఛార్జి అవుతూ ఉంటుందట.