క్రోటన్ల పక్కన అడవినాభికి చోటివ్వండి



ఐదేళ్ళు ఈ హాస్టల్ అన్నం తిని, ఇప్పుడు బాటనీలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. సంచికకు ఏదైనా రాయమంటే నీతులు రాయడం ఇష్టంలేక ఒక తీగ గురించి రాస్తున్నాను.

వానలు పడ్డాక చేని గట్ల కంపల్లో, కొండవాలు పొదల్లో ఆకుల కొసలతోనే కొమ్మలను చుట్టుకుంటూ పాకే తీగను మీరు చూసే ఉంటారు. అదే అడవినాభి. అగ్నిశిఖ అనీ అంటారు. పువ్వు మొదట పసుపుగా ఉండి రోజులు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. ఆరు రేకులూ మంటలాగ పైకి లేస్తాయి. పూర్వం దీన్ని లిల్లీ కుటుంబంలో చేర్చేవారు, ఇప్పుడు కాల్చికేసి కుటుంబంలో ఉంచారు. దుంప నాగలిలా వంగి ఉంటుంది కాబట్టి సంస్కృతంలో లాంగలి అన్నారు. నాగలి పట్టినవాళ్ళ బిడ్డలం, ఆ పేరు కాలేజీకి వెళ్ళేదాకా నాకు తెలియదు!

"నాభిగడ్డ జోలికి పోవద్దురా" అనేది మా అవ్వ. కాన్పు కష్టమైతే మంత్రసానులు ఆ గడ్డ నూరి పొట్టకు పట్టు వేసేవారని కూడా ఆమే చెప్పింది. దాన్ని గొప్ప వైద్యమని నేననను. గడ్డలో, గింజల్లో కాల్చిసిన్ అనే విషం ఉంది. గెనుసుగడ్డ అనుకుని తిని చనిపోయినవాళ్ళున్నారు. తిన్న కొన్ని గంటలదాకా ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎవరైనా తిన్నారని తెలిస్తే నాటుమందు వెతక్కుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

అదే కాల్చిసిన్‌ను డాక్టర్లు కొలతప్రకారం గౌట్ కీళ్ళనొప్పికి ఇస్తారు. మా ల్యాబుల్లో మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయడానికి వాడతాం. ఈ పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం. అక్కడ కరూరు, దిండిగల్ వైపు రైతులు గింజల కోసం పందిళ్ళు వేసి పండిస్తున్నారు. మనమేమో కంపతోపాటు నరికేస్తున్నాం, లేదా అడవిలో గడ్డ తవ్వి మూలికల వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చేస్తున్నాం. గడ్డ తవ్వితే ఆ తీగ ఇక లేనట్టే.

విషపు మొక్క హాస్టల్లో ఎందుకని పెద్దలు అడగవచ్చు. గన్నేరు విషం కాదా? దాన్ని గేటు పక్కనే పెంచుతున్నాం కదా! క్రోటన్లకు ఎండాకాలం బకెట్లతో నీళ్ళు మోయాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అడవినాభి వానలు ఆగాక ఎండిపోయి, కరువంతా మట్టికింద నిద్రపోతుంది. అప్పుడు నీళ్ళు పోస్తే గడ్డ కుళ్ళుతుంది.

నీరు నిలవని చోట, వెనుక కంచె దగ్గర నాటండి. గడ్డ కొసన ఉండే మొలక విరిగితే అక్కణ్ణుంచి చిగురు రాదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. కాయలు పగలకముందే కోసేయండి, ఎర్రటి గింజలు చిన్నపిల్లలను ఆకర్షిస్తాయి.

అడవిలో గడ్డలు మాత్రం తవ్వకండి, గింజలతోనే పెంచుదాం. పువ్వు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆరో తరగతిలో నాటినవాడు పదో తరగతి దాటేలోగా చూస్తాడు. ఈసారి కాయలు ముదిరాక మా చేని కంపలోంచి గింజలు తెచ్చి, పేరు రాసిన పొట్లంలో వార్డెన్ గారి చేతికే ఇస్తాను.