చెట్టుకు లెక్కుంది, గుండెదడకు లెక్క లేదు!

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను ఎప్పుడు ఆగింది? తెల్లారేసరికి ఆగిందంటారు సర్కారోళ్లు. అబద్ధం! మన పేటల్లో అడగండి. గాలి హోరెత్తితే ఇప్పటికీ మనవల్ని వాటేసుకుని గుమ్మంలో కూర్చునే ముసలమ్మలున్నారు.

ఆ రాత్రి వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. వేటకెళ్లిన వందలమంది తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తర్వాత లెక్కలు రాసుకున్నారు. కూలిన చెట్టుకు లెక్క, కూలిన ఇంటికి లెక్క, దొరికిన శవానికి లెక్క. చెట్టున్నోడికి చెట్టు లెక్కుంది. ఆ చెట్టెక్కి దింపు తీసినోడికి ఏ లెక్కుంది? పాక ఎగిరిపోయాక రాత్రంతా నీళ్లలో నిలబడ్డ మనిషి గుండెలో దిగబడ్డ భయాన్ని ఏ రిజిస్టర్లో రాశారు?

కూలి లేక, అప్పు తీరక మన ఆడవాళ్లు ఏజెంట్ల చేతిలో డబ్బు పోసి కువైట్, దుబాయ్, మస్కట్ దారి పట్టారు. భయాన్నీ పెట్టెలో సర్దుకునే పోయారు. ఏసీ మిషను హోరుకు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచేదాన్నని తిరిగొచ్చిన ఓ అక్క చెప్పింది. అక్కడ ఎవరితో చెప్పుకుంటుంది? భాష రాదు. పాస్‌పోర్టు యజమాని చేతిలో. నిద్ర పట్టట్లేదంటే పని ఎగ్గొట్టే వేషమంటారు. ఇంటికొస్తే గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఆమె పంపిన డబ్బు అందరికీ కావాలి, ఆమె గాయం ఎవరికీ అక్కర్లేదు!

అక్కలారా, అన్నలారా! ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు, పిరికితనం అంతకన్నా కాదు. వైద్యులు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులు గట్టిగా అడిగాకే, 1980లో అక్కడి వైద్యుల పుస్తకంలోకి ఈ పేరు ఎక్కింది. తుపాకీ పట్టినోడిది గాయమైతే, పాక పోగొట్టుకున్న మాల మాదిగ ఆడదానిది దయ్యమా?

మాత్రలు మింగితే సగమే తగ్గుద్ది. మెరక మీద ఊరు, పల్లంలో పేట. ఏటిగట్టు వార పాకలున్నంత కాలం ఆ భయం ఎక్కడికీ పోదు. అది పిచ్చి కాదు, అనుభవం నేర్పిన తెలివి!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సర్కారు వైద్యాన్ని మన హక్కు చేసింది. ఆ హక్కే అడుగుదాం. తుపాను నష్టం లెక్కలో మనసుకు తగిలిన దెబ్బ కూడా రాయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దానికి వైద్యం దొరకాలి. గల్ఫ్ ఎంబసీల్లో మన ఆడవాళ్ల గోడు తెలుగులో వినే మనిషుండాలి. పేటలకు మెరక భూమి, పక్కా ఇళ్లు కావాలి. బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న కోనసీమ జిల్లాలోనే ఇది మొదలవ్వాలి.

జాలి వద్దు, హక్కు కావాలి! జై భీమ్!