అమరావతి శిల్పానికి సొంత నేలపై చోటు

పెద్ద నగరాల మ్యూజియాల్లో గుంటూరు, ప్రకాశం నేలకు చాలాకాలంగా చోటుంది. అమరావతి స్తూపం శిల్పాలు 120కి పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకన్నా పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధకళపై పెట్టిన ప్రదర్శనలో ఆంధ్రదేశపు శిల్పానికి పెద్దపీట వేశారు. ఇందుకు గర్వపడాల్సిందే. కానీ ఆ కళను పుట్టినచోట చూసి, అర్థం చేసుకుని, కొనసాగించే వసతి మనం కట్టుకోలేదు. పోయిన రాళ్ళను తిరిగి అడిగేముందు తీర్చుకోవలసిన బాకీ ఇది.

ఆ రాళ్ళు ఇక్కడే ఉంటే మిగిలేవా అని కొందరు అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం కోసం స్తూపపు దిబ్బను తవ్వి రాళ్ళు తీస్తున్నారు. 1816లో మెకంజీ మళ్ళీ వచ్చేసరికి చాలా భాగం పోయింది. అయితే నగరం చేరినంత మాత్రాన వాటికి ఆదరణ దొరకలేదు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాక కూడా, వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ పట్టించుకునేదాకా మూలనే పడి ఉన్నాయి. మన కాలానికే వస్తే, గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో 1970లలో తవ్వకాల్లో దొరికిన ఒక శిల్పఫలకం చోరీ అయింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. ఆధారాలు బయటపడ్డాక 2016లో మనకు తిరిగి ఇచ్చింది. కాపలా లోపం మనదే. కానీ అంత పెద్ద గ్యాలరీ కూడా దొంగసొత్తును గుర్తించకుండానే కొన్నది. రాయిని కాపాడేది దాని విలువ తెలిసిన జనం.

పత్తి తీతలూ మిర్చి కోతలూ సాగే ఊళ్ళలో మ్యూజియానికి ఎవరొస్తారన్నది మరో మాట. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరా ఎత్తైన ప్రభలు కట్టి, రంగులద్ది, దీపాలు అమర్చి తీసుకెళ్ళే రైతులకు కళాదృష్టి లేదనడం అన్యాయం. చెన్నైలో ఉన్న గుండ్రని అమరావతి ఫలకం ఒకదానిలో, మదించిన నాలగిరి ఏనుగు వీధిన పడి జనాన్ని తొక్కుతుంటే మేడమీది ఆడవాళ్ళు బెదిరి చూస్తుంటారు. అదే వృత్తంలో మరోపక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. తోలుబొమ్మలాట చూసిన పల్లెవాసికి ఈ కథనం అందడానికి పండితుడు అక్కర్లేదు, తెలుగులో నాలుగు మాటల వివరణ చాలు. ఆ ఉలి కూడా ఆగలేదు. దుర్గిలో నేటికీ రాయి చెక్కుతున్నారు, తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు బొమ్మలు నిలుపుతున్నారు. అమరావతిలో పురావస్తుశాఖ మ్యూజియం ఉంది, నాగార్జునకొండ ద్వీపంలో 1966 నుంచీ ఉంది. అక్కడ పాత రాయి పక్కన నేటి శిల్పి పనికి చోటు లేకపోవడమే పెద్ద వెలితి. దానివల్లే మ్యూజియం అంటే చచ్చిపోయినవాళ్ళ సంగతి అన్న భావన పాతుకుపోయింది.

గుంటూరులోనో ఒంగోలులోనో ఒక మంచి గ్యాలరీ కట్టాలని, చెన్నై నుంచి కొన్ని ఫలకాలు కొంతకాలానికైనా అరువు తెచ్చి దుర్గి, తెనాలి పనితో కలిపి చూపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. పాఠకులు అందాకా ఆగనక్కర్లేదు. ఈ సెలవుల్లో పిల్లల్ని అమరావతి మ్యూజియానికి తీసుకెళ్ళండి.