పాఠం అందరికీ వినపడాలి

పెళ్లితో చదువు ఆగిన మా పటమట ఆడవాళ్లలో చాలామందికి మిగిలిన దారి దూరవిద్యే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలై, బడి మెట్టెక్కని వాళ్లకూ డిగ్రీ అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. కానీ పుస్తకం పేజీని ఫొటో తీసి పంపితే అది బొమ్మే. చూపులేని స్త్రీకి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేదు. అదే పాఠాన్ని యూనికోడ్‌లో టైపు చేసి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది తెలుగు అని హెచ్‌టిఎమ్‌ఎల్ గుర్తులు పెడితే వినిపిస్తుంది. చిన్న తెరకూ సర్దుకుంటుంది. నాలుగు ఊళ్ల స్త్రీలు ఒకేసారి కూడి దిద్దుకోవచ్చు కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను అడిగేదీ ఈ అందుబాటునే. ఇది కంప్యూటరు వాళ్ల పని అని మనం తప్పుకోవడం నాకు సమ్మతం కాదు. మన సంఘాల కరపత్రాలతోనే మొదలుపెడదాం.