లారాను ఆ సాక్ష్యానికి పిలవకండి

స్పెయిన్ వాళ్ళు బద్ధకస్తులనీ, ఏ పనైనా రేపటికి నెడతారనీ ఒక మాట లోకమంతా చలామణీలో ఉంది. అలా అనేవాళ్ళలో నాలుగు పుస్తకాలు తిరగేసినవాళ్ళు మరియానో హోసే దె లారాను సాక్షిగా తెస్తారు. వాళ్ళ రచయితే 'రేపు రండి' అని వ్యాసం రాశాడు కదా అంటారు. ఆ వ్యాసాన్ని చివరిదాకా చదివినవాళ్ళెవరూ అలా అనలేరు.

1833 జనవరిలో, రాజు ఏడో ఫెర్నాండో సెన్సారు కింద, 23 ఏళ్ళ లారా దాన్ని మాడ్రిడ్‌లో అచ్చువేశాడు. అందులో, ఆస్తి వ్యవహారం, పెట్టుబడి వ్యవహారం 15 రోజుల్లో తేల్చుకుపోదామని ఒక ఫ్రెంచి పెద్దమనిషి వస్తాడు. 24 గంటల్లో కావాలన్న కోటుకు దర్జీ 20 రోజులు పెడతాడు. ఒక్క చొక్కా ఇస్త్రీకి 15 రోజులు. అంచు మార్చమని టోపీ ఇచ్చిన పాపానికి రెండు రోజులు వట్టి తలతో గడప దాటకుండా కూర్చోవలసి వస్తుంది. నవ్వొచ్చేది ఇక్కడే, అందరికీ గుర్తుండేదీ ఇదే.

అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. అతని అర్జీ బల్ల నుంచి బల్లకు తిరిగి, మధ్యలో గల్లంతై, నెలల తర్వాత బయటికొస్తుంది. అర్జీలోని పథకం న్యాయమైనదే, ఉపయోగకరమైనదే అని ఒప్పుకుంటూనే తిరస్కరిస్తారు. దీన్ని బద్ధకం అంటారా? ఇది కొత్తవాణ్ణి, కొత్త పనిని అడుగు పెట్టనివ్వని అధికారం. నిజమే, లారా సోమరితనాన్నీ వదల్లేదు. కానీ ఆ నేరం తన మీదా వేసుకున్నాడు: ఈ వ్యాసం రాయడాన్ని మూడు నెలలకు పైగా వాయిదా వేశానని చివర్లో ఒప్పుకున్నాడు. అది రక్తంలో ఉన్న గుణమని నమ్మినవాడు దిద్దుకోమని ఎందుకు రాస్తాడు?

అదే ఏడాది ఆయన 'ఈ దేశంలో' అని ఇంకో వ్యాసం రాశాడు. తన గది చిందరవందరగా ఉన్నా, తన పని చెడినా నెపం దేశం మీదకు నెట్టే యువకుణ్ణి అందులో ఉతికి ఆరేశాడు. 'మన దేశం ఇంతే' అని రోజూ అనుకునే మనకు ఆ యువకుడు కొత్తవాడేం కాదు. లారా పేరు చెప్పి ఒక జాతిని సోమరి అనే ముందు, దయచేసి ఆ రెండో వ్యాసం కూడా చదవండి.